మగ్గం చీరల ఫొటోలు వెబ్‌సైట్ నుంచి కాపీ కాకుండా ఎలా కాపాడుకోవాలి?

అమ్మా, మీ ప్రశ్న మొత్తం చదివాను. అత్తగారింట్లో నేసే ఉప్పాడ జాందానీ చీరలకు మీరూ మీ మరిదీ కలిసి ఫొటోలు తీసి సొంత వెబ్‌సైట్‌లో పెట్టుకున్నారు. ఆర్నెల్లుగా అవే ఫొటోలు ఎవరెవరి పేజీల్లోనో సగం ధరకు కనిపిస్తున్నాయి. అక్కడ అడ్వాన్సు కట్టి, చీర రాక మోసపోయిన ఒకావిడ వెతుక్కుంటూ మీ సైట్‌కి వచ్చి, అదే అరుగు, అదే చీర చూసి, మోసం చేసింది మీరే అనుకుని ఫోన్ చేసి నాలుగు మాటలంది. రైట్ క్లిక్ పనిచేయకుండా చేసే ప్లగిన్ కొంటే ఈ బెడద వదులుతుందా అని అడిగారు.

వదలదు. ఆ ప్లగిన్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. ఎందుకో ముందు చెబుతాను. ఇది అర్థమైతే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి.

ఒకరు మీ పేజీ తెరిస్తే ఏం జరుగుతుందో చూడండి. వాళ్ల బ్రౌజర్ మీ సర్వర్‌ని ఫొటో అడుగుతుంది. సర్వర్ ఆ ఫైలు పంపిస్తుంది. అది వాళ్ల ఫోన్‌లోకి దిగాకే తెర మీద బొమ్మ వస్తుంది. అంటే కంటికి కనిపించేసరికే కాపీ వాళ్ల దగ్గరికి చేరిపోయింది. రైట్ క్లిక్ ఆపడమంటే చేతికిచ్చిన వస్తువుని సంచిలో వేసుకోవద్దని చెప్పడమే. కంప్యూటర్ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాములు) ఆపేస్తే ఆ తాళం ఊడిపోతుంది. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ అన్నచోట చూస్తే ఫైలు అడ్రస్ దొరుకుతుంది. ఫోన్‌లో అంత శ్రమ కూడా అక్కర్లేదు, రెండు బటన్లు కలిపి నొక్కితే స్క్రీన్‌షాట్ వస్తుంది. బ్యాంకు యాప్‌లు స్క్రీన్‌షాట్‌ని ఆపుతున్నాయి కదా అని మీకు అనిపించవచ్చు. ఆండ్రాయిడ్ ఆ సౌకర్యం యాప్‌లకు ఇచ్చింది, బ్రౌజర్‌లో తెరిచే వెబ్‌సైట్లకు ఇవ్వలేదు. ఫొటో మీద కనిపించని పొర పరచడం, ఫొటోని ముక్కలు చేసి పక్కపక్కన పేర్చి చూపించడం కూడా ఇదే బాపతు.

పైగా ఆ తాళం వల్ల మీకే నష్టం. మీ దగ్గర చీర కొనేది ఎవరు? ఫొటోని వేలితో నొక్కిపట్టి, సేవ్ చేసి, అక్కకో తోడికోడలికో వాట్సాప్‌లో పంపి "ఈ వంకాయ రంగు తీసుకోనా, ఆ నెమలికంఠం తీసుకోనా" అని అడిగే ఆవిడ. చీర సగం అక్కడే అమ్ముడుపోతుంది. నేను చూసిపెట్టే ఒక షాపు ఓనరు పట్టుబట్టి ఈ ప్లగిన్ పెట్టించుకున్నారు. నెల తిరక్కుండానే "మా అమ్మాయికి పంపుదామంటే ఫొటో రావట్లేదండీ" అని పాత కస్టమర్ల ఫోన్లు మొదలయ్యాయి. తీసేయించారు.

కాబట్టి "ఎవరూ కాపీ చేయకుండా ఎలా ఆపాలి" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. మనం చూసుకోవాల్సినవి మూడు. దొంగ చేతికి ఎంత పెద్ద ఫైలు వెళ్తోంది? అది మీదేనని చూసినవాళ్లకు ఎలా తెలుస్తుంది? దొరికినప్పుడు ఎంత తొందరగా తీయించగలరు? ఈ మూడూ మీ చేతిలో ఉన్నవే.

నేను ఇరవై రెండేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. పెళ్లిళ్లతో మొదలుపెట్టాను. ఇప్పుడు ఎక్కువగా చీరలు, నగలు తీస్తూ, ఆ షాపుల వెబ్‌సైట్లు కూడా చూసుకుంటున్నాను. ఫైలు సైజు ఎంత ముఖ్యమో నాకు 2014లో తెలిసింది. నేను తీసిన ఒక పెళ్లికూతురి ఫొటో ఊరి సెంటర్‌లో పదడుగుల ఫ్లెక్సీ మీద కనిపించింది. ఎక్కడో కొత్తగా తెరుస్తున్న బ్యూటీ పార్లర్ ప్రకటన అది. ఆ అమ్మాయి నాన్నగారు ఫోన్ చేసి, "మా అమ్మాయి బొమ్మ బజార్లో పెట్టడానికా నీకు డబ్బులిచ్చింది" అన్నారు. నేను బండేసుకుని వెళ్లి చూశాను. జడలో కనకాంబరాల రేకులు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది ప్రింటు. కింద మూలన నా పేరు ఉండాల్సిన చోట పార్లర్ ఫోన్ నంబర్ వేశారు. అంత స్పష్టంగా ఎలా వచ్చిందంటే, కెమెరాలోంచి వచ్చిన పూర్తి సైజు ఫైలుని నేనే నా సైట్‌లో పెట్టాను. నాణ్యత బాగా కనబడాలని పెట్టాను. ఆయనకి సమాధానం చెప్పలేక నేను పడిన బాధ ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ రాత్రే కూర్చుని సైట్‌లోని ఫొటోలన్నీ మార్చాను.

లెక్క ఇలా ఉంటుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో సుమారు 6000 × 4000 పిక్సెళ్లు. మంచి ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. అంటే ఆ ఫైలు నుంచి 20 అంగుళాల ప్రింటు దర్జాగా వస్తుంది. అదే ఫొటోని పొడవు వైపు 1200 పిక్సెళ్లకు తగ్గిస్తే అదే నాణ్యతతో వచ్చేది 4 అంగుళాలే. దాన్ని సాగదీసి ఫ్లెక్సీ వేస్తే వేయొచ్చు గానీ, అలికినట్టు వస్తుంది. ఫోన్‌లో చూసేవాళ్లకి 1200 చాలు. జేపెగ్ క్వాలిటీ 75 దగ్గర పెట్టండి. సైట్ కూడా తొందరగా తెరుచుకుంటుంది. ఇక్కడ ఒక అపోహ ఉంది. "72 డీపీఐ పెట్టాను, ఇంక ప్రింటుకి పనికిరాదు" అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అనేది ఫైలులో రాసుకున్న ఒక అంకె మాత్రమే. 6000 పిక్సెళ్ల ఫొటోకి 72 డీపీఐ అని రాసినా అవి 6000 పిక్సెళ్లే. తగ్గించాల్సింది పిక్సెళ్లని.

మీ చీరల విషయంలో ఇంకో మాట. బుటా పనితనం దగ్గరగా చూపించకపోతే జాందానీ అమ్ముడుపోదు, అది నాకు తెలుసు. అందుకని చీర మొత్తం కనబడే ఫొటో చిన్నదిగా పెట్టి, పల్లూలో ఒక బుటాని, అంచులో ఒక జానెడు ముక్కని విడిగా దగ్గర నుంచి తీసి పెట్టండి. కొనేవాళ్లకి దారం దారం కనిపిస్తుంది, కానీ చీర మొత్తం పెద్ద సైజులో ఎవరి చేతికీ వెళ్లదు. ఇప్పుడు ఏఐతో చిన్న ఫొటోని పెద్దది చేస్తున్నారు, నిజమే. కానీ అది లేని వివరాన్ని ఊహించి నింపుతుంది. దారాల అల్లిక దగ్గర అది అతుకుల్లా కనబడుతుంది. నేత తెలిసినవాళ్లు చూడగానే పసిగడతారు.

ఇప్పుడు చెప్పబోయేది ఈరోజే చూసుకోండి. మీ సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిందన్నారు. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్, మీరు ఎక్కించిన ఫొటో 2560 పిక్సెళ్లు దాటితే దాన్ని తగ్గించి, ఆ పేరు చివర "స్కేల్డ్" (-scaled) అనే మాట చేర్చి, ఆ చిన్నదాన్నే పేజీలో చూపిస్తుంది. బాగానే ఉంది కదా అనుకుంటాం. కానీ మీరు ఎక్కించిన అసలు ఫైలు అదే ఫోల్డర్‌లో అలాగే ఉండిపోతుంది. ఫొటోని విడిగా కొత్త ట్యాబ్‌లో తెరిచి, అడ్రస్‌లోంచి గీతతో సహా ఆ "స్కేల్డ్" మాట చెరిపి ఎంటర్ కొట్టండి. పూర్తి సైజు ఒరిజినల్ తెరుచుకుందా? అయితే దొంగలకీ తెరుచుకుంటుంది. చిన్న సైజులకు పేరు చివర వచ్చే కొలతల అంకెలు చెరిపినా ఇంతే. ఇది తెలియక ఎంతోమంది ఫొటోగ్రాఫర్ల ఒరిజినల్స్ ఏళ్ల తరబడి తలుపు తీసినట్టే ఉన్నాయి. పరిష్కారం ఒకటే. ఎక్కించకముందే మీ కంప్యూటర్‌లో 1200కి తగ్గించండి. అసలు ఫైలు ఎప్పుడూ సర్వర్ గడప తొక్కకూడదు.

ఇదే కోవలో ఇంకో రెండు ఉన్నాయి. వర్డ్‌ప్రెస్‌లో ఒక పేజీకి పాస్‌వర్డ్ పెడితే పేజీకే కాపలా, అందులోని ఫొటో ఫైళ్లకు కాదు. ఫైలు అడ్రస్ తెలిస్తే పాస్‌వర్డ్ లేకుండానే వస్తుంది. అలాగే అప్‌లోడ్స్ ఫోల్డర్ అడ్రస్ నేరుగా కొడితే ఫైళ్ల జాబితా కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే మీ హోస్టింగ్ వాళ్లని అడగండి, "డైరెక్టరీ లిస్టింగ్ ఆపండి" అంటే వాళ్లకు అర్థమవుతుంది.

మీరు ప్రశ్నలో రాయలేదు గానీ, నాకు అనుమానం ఉన్న చోటు వేరే ఉంది. మీకు రీసెల్లర్లు ఉన్నారా? ఉండే ఉంటారు. చీరల వ్యాపారంలో సగం ఫొటోలు వెబ్‌సైట్ నుంచి కాదు, వాట్సాప్ గ్రూపుల నుంచి పోతాయి. మనం హోల్‌సేల్ గ్రూపులో శుభ్రమైన, పేరు లేని ఫొటోలు పెడతాం, వాళ్ల కస్టమర్లకు పంపుకోవాలి కాబట్టి. వాళ్లు ఇంకో గ్రూపులో పెడతారు. అక్కణ్నుంచి మోసం చేసే పేజీ వాడికి చేరుతుంది. వాడు మీ సైట్ మొహం కూడా చూసి ఉండడు. అందరికీ తెరిచిపెట్టిన గూగుల్ డ్రైవ్ లింకులు ఇచ్చినా అంతే, లింక్ ఎవరి చేతికి పోతే వాళ్లకి తెరుచుకుంటుంది.

దీనికి నేను చేసే పని చెబుతాను. ఒక్కో రీసెల్లర్‌కి ఫొటోని కొంచెం వేరుగా కత్తిరించి పంపుతాను. ఒకరికి పై అంచులో గుమ్మం చట్రం కాస్త కనబడుతుంది, ఇంకొకరికి కనబడదు. ఇంకొకరికి కింద గచ్చు మీద ముగ్గు మొదలు కనిపిస్తుంది. ఎవరికి ఏది పంపానో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. దొంగ పేజీలో ఫొటో కనిపిస్తే, అది ఏ దారిన వెళ్లిందో నోట్‌బుక్ చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఒకసారి ఇలాగే దొరికింది. ఆ రీసెల్లర్ పాపం మోసగత్తె కాదు, తన గ్రూపులో ఐదొందల మందిని చేర్చుకుంది, అందులో ఎవరున్నారో ఆవిడకే తెలియదు. మాట్లాడితే గ్రూపు సరిచేసుకుంది. గట్టిగా అరవాల్సిన అవసరం రాలేదు.

వాటర్‌మార్క్ గురించి అడిగేవాళ్లు చాలామంది. పెట్టండి, కానీ తాళంలా కాకుండా ఇంటి నంబర్‌లా పెట్టండి. ఒకే లోగో వందల ఫొటోల మీద ఒకే చోట ఒకే తీరులో ఉంటే, ఆ ఫొటోలన్నిటినీ పోల్చి లోగోని కంప్యూటరే విడదీసి తీసేయగలదని గూగుల్ పరిశోధకులు 2017లోనే చూపించారు. ప్రతి ఫొటోలో దాన్ని కొద్దిగా వంచితే తీయడం కష్టమవుతుందని కూడా వాళ్లే చెప్పారు. ఇప్పుడైతే ఫోన్‌లో వేలితో రుద్దితే చెరిగిపోయే సౌకర్యం వచ్చేసింది. అయినా పెట్టమంటున్నాను. తీరిక లేని దొంగ వాటర్‌మార్క్ ఉన్నది వదిలి లేనిది పట్టుకుపోతాడు. చెరపకుండా వాడితే మీ అడ్రస్సే ఊరంతా తిరుగుతుంది. చెరిపి వాడితే, పొరపాటున వాడానని తర్వాత చెప్పలేడు. మూలన పెట్టొద్దు, కత్తిరిస్తే పోతుంది. కుచ్చిళ్ల మీదుగా, పలచగా, మీ పేరూ సైట్ అడ్రస్సూ చదవగలిగేలా పెట్టండి. చీర అందం చెడగొట్టేంత ముదురుగా మాత్రం వద్దు, కొనేవాళ్లకి చిరాకు.

దీనికన్నా బాగా పనిచేసేది ఇంకోటుంది. గుర్తుని ఫొటో తీసేటప్పుడే అందులో పెట్టడం. చిన్న చెక్క పలక మీద మీ పేరు రాయించండి. దాన్ని చీర మడతల మధ్య, సగం మడత కిందికి పోయేలా పెట్టండి, ప్రతి ఫొటోలో వేరే చోట. దాని నీడ బట్ట మీద పడుతుంది, బట్ట దాని అంచు మీద వాలుతుంది. తర్వాత అతికించిన లోగోని చెరిపినంత శుభ్రంగా దీన్ని చెరపడం కష్టం. మీ ఇంటి అరుగు, మగ్గం గుంట, గోడ రంగు కూడా ఆనవాళ్లే. ఫోన్ చేసి తిట్టినావిడ మీ సైట్‌ని పోల్చుకున్నది అరుగుని చూసే కదా. అరుగు మార్చకండి.

ఇంకా వీలైతే ప్రతి చీరకి పదిహేను సెకన్ల వీడియో తీయండి. మామగారో, బావగారో మగ్గం దగ్గర పల్లూ తిప్పి వెనక వైపు చూపించాలి. జాందానీలో బుటా రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ తిప్పడమే పెద్ద సాక్ష్యం. "కొనేముందు వీడియో కాల్ అడగండి, మగ్గం మీద చూపిస్తాం" అని సైట్‌లో పైనే రాయండి. ఫొటో ఎత్తుకుపోయినవాడు మగ్గాన్ని ఎత్తుకుపోలేడు. కస్టమర్లకి వీడియో కాల్ అడగడం అలవాటైతే దొంగ పేజీ దగ్గర కూడా అడుగుతారు. అక్కడ వాడు తప్పుకుంటాడు.

ఫైలు లోపల రాసే సమాచారం గురించి క్లుప్తంగా. ప్రతి ఫొటోలో తీసినవారి పేరు, కాపీరైట్ వాక్యం, వెబ్ అడ్రస్ రాసుకోవడానికి ఐపీటీసీ అనే గళ్లు ఉంటాయి. డిజికామ్, ఎగ్జిఫ్‌టూల్ ఉచితంగా దొరుకుతాయి, వందల ఫొటోలకు ఒకేసారి రాయొచ్చు. లైట్‌రూమ్ వాడితే ఎక్స్‌పోర్ట్‌లో ఒకసారి అమర్చుకుంటే చాలు. లైసెన్స్ గళ్లు కూడా నింపితే గూగుల్ ఇమేజెస్‌లో ఆ ఫొటో మీద లైసెన్స్ గుర్తు వస్తుంది, 2020 నుంచి ఆ ఏర్పాటు ఉంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఇవన్నీ రాలిపోతాయి. ఫొటోలను కుదించే కొన్ని ప్లగిన్లు కూడా తీసేస్తాయి, సెట్టింగ్స్ చూసుకోండి. ఒక జాగ్రత్త: ఫోన్‌తో తీసిన ఫొటోల్లో మీ ఇంటి లొకేషన్ కూడా ఉండవచ్చు. ఆడవాళ్లు ఇంటి నుంచి నడిపే వ్యాపారం, సైట్‌కి ఎక్కించేముందు లొకేషన్ మాత్రం తప్పకుండా తీసేయండి.

హాట్‌లింకింగ్ అంటే మీ ఫొటోని దించుకోకుండా, మీ సర్వర్ నుంచే నేరుగా వాళ్ల పేజీలో చూపించడం. బ్యాండ్‌విడ్త్ మీది, వ్యాపారం వాళ్లది. సైట్ ముందు కాపలాగా ఉండే క్లౌడ్‌ఫ్లేర్ సేవలో దీన్ని ఆపే మీట ఉంది, హోస్టింగ్ ప్యానెల్‌లో కూడా సాధారణంగా ఉంటుంది. ఆపాక మీ లింక్‌ని వాట్సాప్‌లో పంపి చూడండి, ఫొటోతో వస్తోందో లేదో. రాకపోతే వాట్సాప్‌కీ, గూగుల్‌కీ మినహాయింపు ఇవ్వాలి. సైట్లలోంచి సమాచారం పోగుచేసే ఏఐ కంపెనీల బాట్‌లను మీ సైట్‌లోని రోబోట్స్ ఫైలు (robots.txt)లో వద్దనవచ్చు: జీపీటీబాట్ (GPTBot), సీసీబాట్ (CCBot), గూగుల్ ఎక్స్‌టెండెడ్ (Google-Extended) అనే పేర్లు అందులో రాయాలి. అది విన్నపమే, గోడ కాదు. వినేవాళ్లు వింటారు. గూగుల్ వెతుకులాట బాట్‌ని మాత్రం పొరపాటున ఆపకండి, కస్టమర్లు అటునుంచే వస్తారు.

ఇక హక్కు సంగతి. ఫొటో తీసిన క్షణం నుంచి కాపీరైట్ ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 2012 సవరణ తర్వాత ఫొటోకి కూడా తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. కానీ ఎవరిది? మీరు తీసినవి మీవి, మరిది తీసినవి మరిదివి. రేపు ఫిర్యాదులో ఒకే పేరుండాలంటే, మరిది తన ఫొటోల హక్కుని వ్యాపారం పేరుకి రాసిచ్చి సంతకం పెట్టాలి. అందులో ఎన్నేళ్లకి, ఏ ప్రాంతానికి అన్నది రాయాలి. రాయకపోతే 5 ఏళ్లకనీ, భారతదేశం వరకేననీ చట్టం లెక్కేసుకుంటుంది. డబ్బిచ్చి బయటి ఫొటోగ్రాఫర్‌తో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం హక్కు తీయించుకున్నవాళ్లదే. ఇది మా పెళ్లి ఫొటోగ్రాఫర్లలోనే చాలామందికి తెలియదు. తీసింది నేను కాబట్టి నాదే అనుకుంటారు. ఆ ఫ్లెక్సీ గొడవలో లాయరు నన్ను మొదట అడిగిన ప్రశ్న ఇదే. ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోండి. కాపీరైట్ మీ ఫొటోకి. ఎవరైనా మీ డిజైన్ చూసి అలాంటి చీరే నేసి, వాళ్ల ఫొటో వాళ్లు తీసుకుంటే అది వేరే సంగతి, డిజైన్ల చట్టం, జీఐ (భౌగోళిక గుర్తింపు) కిందికి వస్తుంది.

రుజువు కోసం ఒరిజినల్స్ దాచండి. ఎంచుకున్న ఫొటో ఒక్కటే కాదు, దానికి ముందూ వెనకా తీసినవి కూడా. ఆ పెళ్లికూతురి ఫొటో నేను తీసిందేనని చెప్పడానికి నాకు అక్కరకొచ్చింది దాని ముందు ఫ్రేము. అందులో ఆ అమ్మాయి పిన్ని బొట్టు సరిచేయడానికి చెయ్యి అడ్డం పెట్టింది. ఫొటో చెడిపోయింది, కానీ అదే నగ, అదే వెలుగు, అదే తల వంపు. ఆ ఫ్రేము ఎత్తుకుపోయినవాడి దగ్గర ఉండే అవకాశమే లేదు. ఫ్లెక్సీ వేసినవాళ్లు దాన్ని చూశాక మారుమాట్లాడలేదు. సాయంత్రానికి దించేశారు. అప్పటినుంచి చెడిపోయిన ఫ్రేములు డిలీట్ చేయడం మానేశాను.

ఇప్పుడు మీకు కనిపించిన ఆ పేజీల సంగతి. ముందుగా, వాళ్ల పోస్టు కింద కామెంట్ పెట్టకండి, మెసేజ్ పెట్టి గొడవపడకండి. మిమ్మల్ని బ్లాక్ చేస్తారు, మీకు పేజీ కనిపించదు, సాక్ష్యం పోతుంది. నిశ్శబ్దంగా స్క్రీన్ రికార్డింగ్ మొదలుపెట్టి, పేజీ పేరు, ప్రొఫైల్ అడ్రస్, పోస్టులు, ధరలు, ఫోన్ నంబర్, డబ్బు కట్టమన్న క్యూఆర్ కోడ్ అన్నీ వచ్చేలా తీయండి. ప్రతి పోస్టు లింకూ ఒక చోట రాసుకోండి. వెబ్‌సైట్ అయితే, పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో కూడా సేవ్ చేయండి. సోషల్ మీడియా పేజీలు అందులో సరిగా పడవు, అందుకే రికార్డింగ్. కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) కూడా రాయాలి. కాబట్టి రికార్డింగ్‌ని ఎడిట్ చేయకుండా, తీసింది తీసినట్టు ఉంచండి.

తర్వాత ఫిర్యాదు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో మామూలు "రిపోర్ట్" బటన్ నొక్కి ఊరుకోకండి. కాపీరైట్ ఫిర్యాదుకి విడిగా ఫారం ఉంటుంది, అది నింపాలి. మీ సైట్‌లో ఆ ఫొటో ఉన్న లింకూ, వాళ్ల పోస్టు లింకూ జతలు జతలుగా ఇవ్వండి. "అన్నీ నా ఫొటోలే" అని రాస్తే పని జరగదు, ఏది ఏదో చూపించాలి. మీ పేరే పెట్టుకుని నడుపుతుంటే ఇంపర్సనేషన్ (మీలా నటించడం) ఫిర్యాదు కూడా విడిగా పెట్టండి. వెబ్‌సైట్ అయితే హోస్టింగ్ ఎవరిదో కనుక్కుని వాళ్లకి రాయండి, గూగుల్‌కి కూడా వెతుకులాటలోంచి తీసేయమని రాయండి. మన కాపీరైట్ నియమాలు, 2013లో 75వ నియమం ఉంది. పద్ధతి ప్రకారం రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, సరైనదని తేలితే 36 గంటల్లోపు దాన్ని చూపిస్తున్న కంపెనీ ఆ ఫొటో అందకుండా చేయాలి. 21 రోజుల్లోపు కోర్టు ఉత్తర్వు తేకపోతే వాళ్లు తిరిగి పెట్టేయొచ్చు. అమెరికా కంపెనీలు వాళ్ల డీఎంసీఏ చట్టం ప్రకారం ఫారం అడుగుతాయి. అందులో ఫొటో మీదేనని ప్రమాణం చేస్తారు. రీసెల్లర్‌కి మీరే అనుమతి ఇచ్చిన ఫొటో మీద పొరపాటున ఫిర్యాదు పెట్టకండి, నోట్‌బుక్ ఇక్కడ కూడా పనికొస్తుంది.

ఒకటి తీయిస్తే ఇంకో పేరుతో వస్తారు. వస్తారని తెలిసే చేయాలి. రెండోసారి మీ దగ్గర లింకులు, ఒరిజినల్స్, ఫారంలో రాసిన మాటలు సిద్ధంగా ఉంటాయి కాబట్టి అరగంట పని. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద కాపీరైట్ ఉల్లంఘనకి 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు ఉంది, అది పోలీసులు నేరుగా కేసు పెట్టగలిగే నేరమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. సివిల్ దావా అయితే మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. చిన్న వ్యాపారం, ప్రతిదానికీ కోర్టుకి వెళ్లమని నేను చెప్పను. కానీ అదే మనిషి మళ్లీ మళ్లీ చేస్తుంటే మాత్రం లాయరు నోటీసు పంపించండి.

వెతకడం ఎలాగంటే, బాగా అమ్ముడుపోయే పది చీరలు ఎంచుకుని నెలకోసారి గూగుల్ లెన్స్‌లో, టిన్ఐ (TinEye) అనే ఫొటో వెతుకులాట సైట్‌లో ఆ ఫొటోలు పెట్టి చూడండి. దొంగలు ఫొటోని అద్దంలోలా తిప్పేసి పెడుతుంటారు, వెతుకులాటకి దొరక్కూడదని. అందుకని మీ ఫొటోని అలా తిప్పిన కాపీతో కూడా వెతకండి. తిప్పిన ఫొటో పట్టుకోవడం ఆడవాళ్లకి తేలిక. మనవైపు కట్టులో ఎడమ భుజం మీద ఉండాల్సిన పైట కుడి భుజం మీదికి వస్తుంది.

ఫోన్ చేసి తిట్టిన ఆవిడ గురించి చివరగా. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. తిరిగి ఫోన్ చేసి, డబ్బు కట్టింది మీకు కాదని చెప్పి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టమనండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఆవిడ దగ్గరున్న చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు అడిగి తీసుకోండి, మీ ఫిర్యాదుకీ బలం. సైట్ మొదటి పేజీలో "మా పేజీలు ఇవి మాత్రమే" అని లింకులతో రాసి, ఫోన్ నంబర్ ఇవ్వండి.

ముందు ఆ "స్కేల్డ్" సంగతి చూసి ఇక్కడ రాయండి. ఒరిజినల్స్ తెరుచుకుంటుంటే, హోస్టింగ్ ప్యానెల్ ఏదో, మొత్తం ఎన్ని ఫొటోలున్నాయో కూడా చెప్పండి. చీరల పేజీలు చెడిపోకుండా పెద్ద ఫైళ్లని మాత్రం ఎలా తీయాలో వరసగా చెబుతాను.